వంశధార కంచు

యంత్రహస్తం ఏడో కంచుగోళాన్ని పరిశీలనపీఠం మీద పెట్టింది. గది చల్లదనం ఎప్పటిలాగే పద్దెనిమిది డిగ్రీల దగ్గర నిలిచి ఉంది. ఆ గోళం దేనికో అంచనా వేస్తూ తెర మీద అంకెలు కదిలాయి. పూజాసామగ్రి ముప్పై ఒక్క శాతం. దీపపు కుందె ఇరవై రెండు. తూనికగుండు పదిహేడు.

"అర్థసూచిక చాలదు. మూడో పరిశీలన ముగిసింది. లోహవిముక్తికి సిఫారసు," అంది గోడలోంచి తీర్పులు చెప్పే యంత్రం, నిర్ణేత.

పురావస్తుశాల పరిశోధకురాలు వకుళ తెర వైపు చూసింది. వంశధార ఇసుకలో దొరికిన గోళాలు మొత్తం పదకొండు. ఒక్కొక్కదానికీ పన్నెండు ముఖాలు, ముఖానికో రంధ్రం. ఏ రెండు రంధ్రాలూ ఒకే కొలతవి కావు. రెండువేల ఏళ్ళ కిందటివని తేలింది. ఎందుకు చేశారో మాత్రం తేలలేదు. పద్నాలుగేళ్ళుగా వకుళ ఆ ప్రశ్నతోనే ఉద్యోగం చేస్తోంది. గనుల్లో రాగి నిండుకున్నాక చట్టం కఠినమైంది. ప్రాచీన వస్తువు ప్రయోజనం తేలకపోతే దాని రూపం నమూనాగా దాచుకుని లోహాన్ని కొలిమికి పంపాలి. తేలితే ఒకటి ఉంచుకుని, మిగతావాటిని పంపాలి. కొలిమి బండి మధ్యాహ్నం రెండింటికి వస్తుంది.

యంత్రహస్తాన్ని నడిపే పైడమ్మ మీటల మీంచి చేతులు తీసింది. ఆమెది కంచుపనికి పేరుపడ్డ బుడితి ఊరి కంచరి కుటుంబం. ముప్పై ఏళ్ళుగా పాత లోహాలకు మెరుగుపెడుతోంది, ఒక్కసారీ వాటిని తాకకుండా.

"ఎలాగూ కరిగిపోతాది కదమ్మా. ఒక్కపాలి ఒట్టి సేతుల్తోటి అట్టుకోనా?" అని అడిగింది.

నిబంధన ఒప్పుకోదు. వకుళ క్షణం ఆలోచించి, పీఠం మీది అద్దపు మూత ఎత్తింది.

పైడమ్మ గోళాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుని మెల్లగా తిప్పింది. ఉన్నట్టుండి ఆగింది. "సూడమ్మా, ఇక్కడ అరిగిపోనాది. బొటనేలు ఆనిన సోటు. అవతల ఇంకో రెండున్నాయి. అయ్యి నా సేతులవి కావు. ఎదురుగా ఇంకో మనిసుండాల."

వకుళ ఎదురుగా కూర్చుని తన చేతులు ఆనించింది. అవతలి గుంటల్లో ఆమె బొటనవేళ్ళు సరిగ్గా ఇమిడాయి. ఎవరివో వేళ్ళు రెండువేల ఏళ్ళ కిందట వదిలిన చోటు. కంచు ముందు చురుక్కుమనేంత చల్లగా ఉంది. తరవాత నాలుగు చేతుల వేడి ఎక్కింది. చాలాసేపు ఏమీ జరగలేదు.

అప్పుడు అది వణికింది. ధ్వని ముందు మణికట్టు ఎముకల్లో తెలిసి, ఆ తరవాత చెవికి అందింది. సన్నగా, ఎక్కడా తెగకుండా. అరల్లోని మిగతా పది గోళాలూ దానికి బదులిస్తున్నట్టు కదిలాయి.

"లోపల రేకులున్నాయమ్మా. యేడికి సాగుతన్నాయి," అంది పైడమ్మ. ఆమె కళ్ళు నిండాయి. "మా తాత గంటలు పోసీవోడు. ఇలాటి పని ఆడికీ రాదు."

"కొత్త ఆధారం. వాద్యం, తొంభై నాలుగు శాతం. నిర్ధారించండి. ఒకటి భద్రం, పది కొలిమికి," అంది నిర్ణేత.

వాద్యమేనా? ప్రమాణం చేసేటప్పుడు పట్టుకున్నారో, వీడ్కోలు చెప్పేటప్పుడు పట్టుకున్నారో! అవునంటే పది గోళాలు పోతాయి, కాదంటే అన్నీ పోతాయి. వకుళ చేతులు తీయలేదు.

"ప్రాచీన వస్తువంటే ఏమిటి? చట్టంలో ఉన్నది చదువు."

"వాడుక ఆగిపోయిన వస్తువు."

"ఇది వాడుకలో ఉంది. వాడుతున్నది మేమిద్దరం. నమోదు చెయ్యి."

"దేనికి వాడుతున్నారు?"

"తెలియదు. వాడుతున్నాం. నీకు వినిపిస్తోందిగా."

తెర మీది శాతాలు చెరిగిపోయాయి. "వాడుక ధ్రువపడింది. ఒక వస్తువు జాబితా నుంచి తొలగింది. మిగతా పదింటికి వాడుకదారులు లేరు."

టైము ఒకటిన్నర. వకుళ ప్రదర్శనశాలలోకి పరుగెత్తింది. పలాస జీడిపప్పు కార్ఖానా నుంచి విహారానికి వచ్చిన ఆడవాళ్ళు బస్సుకని బయల్దేరుతున్నారు. "అమ్మా, ఇరవైమంది కావాలి. చేతులుంటే చాలు," అంది. వాళ్ళు మొహమొహాలు చూసుకుని, నవ్వుతూ వెనక్కి వచ్చారు. ఒకరు తక్కువైతే కాపలాదారు కూర్చున్నాడు. పొద్దుట బస్సులో సీటు దగ్గర తగువుపడిన ఇద్దరు తోడికోడళ్ళకు ఒకే గోళం వచ్చింది. మొహాలు పక్కకు తిప్పుకునే పట్టుకున్నారు.

ఒక్కొక్కటిగా పదకొండూ పలికాయి. ఏ రెండూ ఒకే స్వరం కాదు, అయినా కలిశాయి. అద్దాల బీరువాలు సన్నగా అదిరాయి. తోడికోడళ్ళు ఎప్పుడు ఒకరినొకరు చూసుకున్నారో ఎవరూ గమనించలేదు. కొలిమి బండి మనిషి గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విడిచి అక్కడే నిలబడిపోయాడు.

"జాబితా ఖాళీ," అంది నిర్ణేత. తరవాత, "దేశంలో ప్రయోజనం తేలని వస్తువులు నాలుగు లక్షలున్నాయి. వాటిని మనుషులెవరైనా తాకి చూశారా?" అని అడిగింది.

"లేదు," అంది వకుళ.

ఎవరూ చెప్పకుండానే, అలాంటి వస్తువులు దాచిన పక్కగది తాళం తెరుచుకుంది. ఆ తరవాత దాని పక్కది.