చలిగదిలో ఉన్ని

ఉయ్యూరు రోడ్డులో ఉన్న ఆ మందుల ల్యాబులో చలిగదికి మంచి పేరు లేదు. మనుషులు లోపలికి వెళ్లి పనిచేసేంత పెద్ద ఫ్రిజ్జనుకోండి. పొద్దుగూకాక అందులో అడుగుపెడితే వెనకాలే ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుందట. మా రాజ్యశ్రీ చెప్పిందే చెబుతున్నాను... ఆ పిల్ల అబద్ధమాడదు.

ఇంజెక్షన్ మందులో ఉండే ప్రోటీన్‌ని ముక్కలు చేసి, మెషిన్‌లో పెట్టి, ఉండాల్సినవే ఉన్నాయా అని చూడటం దాని పని. ఆ వారమంతా శాంపిల్‌లో ఉండకూడనిది ఏదో కనిపిస్తూనే ఉంది.

"నీ చేతి శుభ్రత మీదే నాకు అనుమానం. సోమవారానికి కారణం చూపించు, లేదంటే వేరే ఉద్యోగం చూసుకో," అన్నారు మేనేజరు.

దానికేమో తోటివాళ్ల మీద అనుమానం. చలిగదిలో ఉంచే తన శాంపిళ్ల ట్రేలో ఎవరో కావాలనే చెయ్యి పెడుతున్నారని.

ఆ రాత్రి దుర్గమ్మ తల్లిని తలుచుకుని ఒంటరిగా కాపలా కూర్చుంది. చలిగదిలో చిన్న చప్పుడు... వెళ్లి చూస్తే — ఎవరూ లేరు. చిందరవందరగా వదిలేసిన తన ట్రే మాత్రం నీటుగా సర్ది ఉంది.

అందులోంచే శాంపిల్ తీసి పరీక్షకు పెట్టింది. తెల్లారేసరికి జవాబొచ్చింది. శాంపిల్‌లో కలుస్తున్నది మనిషి చర్మం కాదు, జుట్టూ కాదు — గొర్రె ఉన్ని.

రాజ్యశ్రీకి ప్రాణం లేచొచ్చింది. దెయ్యాలు ఉన్ని బట్టలు వేసుకోవు కదా.

"ఈ బెజవాడ ఎండల్లో మనవాళ్లలో స్వెట్టర్ ఎవరికుందండీ?" అని సీనియర్ జాన్ పాల్ గారిని అడిగింది.

"సంజీవరావు గారొక్కరికే ఉండేదమ్మా. చలిగది కోసమని వాళ్లావిడ అల్లిచ్చింది. గొర్రెల కాపరి వచ్చాడని ఏడిపించేవాళ్లం. మా ట్రేలు కూడా సర్దందే ఇంటికెళ్లేవాడు కాదు, మహానుభావుడు. పోయినేడు గుండాగి పోయాడు."

అయితే ఆ స్వెట్టరే ఎవరో వేసుకుంటున్నారు. వాళ్లు దొరికితే తన ఉద్యోగం నిలిచినట్టే. సాయంత్రానికల్లా కంకిపాడులో ఆయన భార్య శౌరమ్మ గారి గుమ్మంలో నిలబడింది.

"ఆంటీ... అంకుల్ స్వెట్టర్ మా ల్యాబులో ఎవరికైనా ఇచ్చారా?"

ఆవిడ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. తర్వాత, పక్కనెవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి —

"ఎవరికిస్తానమ్మా... ఆయనకసలే చలి పడదు. మట్టిలో ఎలా ఉంటాడో అని, పెట్టె మూసేముందు నేనే తొడిగాను."