మూడుసార్లు వద్దనాలి

“నీ తమ్ముడు దేశద్రోహి,” అన్నాడు చీఫ్ రబ్గైస్.

బుఖారీ అనే ఇనప పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ గ్యాల్సన్ ఆ మాటను కాసేపు నమిలాడు. “వాడు హాకీ టీములో చేరినప్పుడే అనుకున్నాను సాబ్, ఇలాంటిదేదో తలకెత్తుకుంటాడని.”

రబ్గైస్ నవ్వలేదు. లేహ్ బజారులో తివాచీల దుకాణం వెనక గది అది. కిటికీ లేదు. ఉన్నది ఒక గుడ్డి దీపం. అయినా చీఫ్ నల్లకళ్ళద్దాలు తీయడు. గూఢచారి శాఖ పెద్ద అంటే నల్లకళ్ళద్దాలు ఉండాలని ఎవరో ఆయన చెవిలో ఊదారు. ఆ అద్దాలతోనే ఒకసారి టీ కప్పు అనుకుని సిరాబుడ్డి ఎత్తాడని శాఖలో చెప్పుకుంటారు. గ్యాల్సన్ ఆ కథను ఏనాడూ అనుమానించలేదు.

“షాంగ్‌లుంగ్ సైనిక గారిసన్ రేడియో కోడ్‌ను ఎవరో ఫోటో తీశారు. కనుమ మీది మన పోస్టులన్నీ చలికాలమంతా ఆ కోడ్‌లోనే మాట్లాడుకుంటాయి. ఫిల్ము ఇంకా ఊళ్ళోనే ఉంది. రోడ్లు మంచుతో మూసుకుపోయాయి కదా. రేపటి విమానం ఒక్కటే దారి.”

“ఎక్కేవాళ్ళని సోదా చేయించండి.”

“పళ్ళసందులు కూడా చూస్తాం. ఒక్క మనిషిని మాత్రం ముట్టుకోలేం. మదామ్ వాలెస్కా. రాయబారి భార్య. రేపటి హాకీ ఫైనల్‌కు ముఖ్య అతిథి. మ్యాచ్ అవగానే నేరుగా విమానాశ్రయానికి వెళుతుంది. ఆవిడ చేతిలో పడిన వస్తువు ఆవిడదే. ఇక దాన్ని దేవుడు కూడా విప్పి చూడలేడు.”

“చేతిలో పడకముందు?”

“మనదే.” రబ్గైస్ ముందుకు వంగాడు. “రేడియో గది తాళం ఉండేది నీ తమ్ముడు నుర్బూ దగ్గర. టీములో గోల్ కాసే గోలీ కూడా వాడే. ఫిల్ము దొరక్కపోతే ఎల్లుండి కోర్ట్ మార్షల్. ఆ తర్వాత వాడి గతి ఏమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు.”

అమ్మ పోయాక నుర్బూని పెంచింది గ్యాల్సనే. వాడు అబద్ధం చెప్పాలంటే ముందు చెవులు ఎర్రబడతాయి. అలాంటివాడు గూఢచారి! ఆ మాటకొస్తే వాడు గోలీ అంటే కూడా గ్యాల్సన్‌కు నమ్మకం లేదు.

“ఇది చెప్పిందెవరు?”

చీఫ్ గొంతు వెన్నలా మెత్తబడింది. “యాంగ్చెన్. వాలెస్కా ముఠా ఆమె తమ మనిషి అనుకుంటోంది. కానీ మన మనిషి. నుబ్రా లోయలో అమ్మమ్మ దగ్గర పదిహేనేళ్ళు పెరిగి, విదేశాల్లో చదువుకుంది. అందం, తెలివి, ధైర్యం...”

“అందం ముందు చెప్పారు సాబ్.”

చీఫ్ ఆ మాట విననట్టు సొరుగులోంచి ఒక పెన్ను తీశాడు. “లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. ఏదైనా తెలిస్తే నొక్కు, మావాళ్ళు వస్తారు. రేపు ఎప్పటిలాగే మైకు దగ్గరుండు. ఎవరికీ అనుమానం రాదు.”

రాదు మరి. లేహ్‌లో పోలో జరిగినా, విలువిద్య పోటీ జరిగినా, మంచు హాకీ జరిగినా మైకు గ్యాల్సన్‌దే. జనం ఆట చూడ్డానికి ఎంత వస్తారో, అతని చేత తిట్లు తినే ఆటగాళ్ళను చూడ్డానికీ అంతే వస్తారు. అతను ఏజెంట్ ఎయిటీన్ అని ఎవరైనా చెప్పినా, ఇంత వాగేవాడు రహస్యం దాస్తాడా అని ఊరు నవ్వేస్తుంది.

*

గడ్డకట్టిన చెరువు చుట్టూ మర్నాడు జనం కిక్కిరిసిపోయారు. ఎండ కళ్ళలో గుచ్చుకుంటోంది, చలి ముక్కు కొరుకుతోంది.

షాంగ్‌లుంగ్ గారిసన్ జట్టు మంచు మీదికి దిగింది. దిగింది అనడం మర్యాద. సగం మంది జారారు. ఎడమ వింగులో వంటవాడు, కుడి వింగులో మంగలి, డిఫెన్సులో స్టోరు గుమాస్తా. స్కేట్లంటే పాత బూట్లకు మోటారు వర్క్‌షాపులో వెల్డింగ్ చేసిన ఇనప పట్టీలు. మోకాళ్ళకు రేషన్ డబ్బాల అట్టలు. వీళ్ళు ఫైనల్‌కు వచ్చింది గెలిచి కాదు. పోటీకి మూడే జట్లు పేరిచ్చాయి. ఒకటి కనుమ అవతల మంచులో ఇరుక్కుపోయింది. మిగిలినవి వీళ్ళూ, ఎదుటి స్కౌట్స్ జట్టూ.

ముందు కెప్టెన్ భాసిన్. మైదానాల నుంచి వచ్చినవాడు. మంచును మొదటిసారి చూసింది నిరుడు. ఈ ఏడు దానికి కెప్టెన్. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ఒక్క మ్యాచ్ కూడా గెలవని జట్టు తరఫున మదామ్‌కు ఇవ్వడానికి వెండి స్టాండు మీద జ్ఞాపిక ఒకటి చేయించాడు. జట్టు పుట్టినప్పుడు నుర్బూ తన పాత బూటు మడమ రబ్బరు కోసి చేసిన మొట్టమొదటి పక్, అంటే కర్రతో కొట్టే బిళ్ళ, అది. అది ఇప్పుడు పట్టుగుడ్డ పరిచిన పళ్ళెంలో ఉంది. పళ్ళెం యాంగ్చెన్ ఒళ్ళో ఉంది.

ఆమె టీ డేరాలో కూర్చుని ఉంది. ఊరంతా ‘ఆమాలే’, అంటే అమ్మా, అని పిలిచే ముసలావిడది ఆ డేరా. ఒంటి మీద ముదురెరుపు జరీ గొంచా అంగీ, మెడలో కోడిగుడ్డంత పచ్చరాయి. పక్కన కాపలా కుక్కలా భాసిన్ మనిషి ఒకడు.

“మంచు గట్టిగా ఉందా?” అంది యాంగ్చెన్. అది కోడ్ మాట.

“పళ్ళు రాలేంత,” అన్నాడు గ్యాల్సన్. అది బదులు మాట. చీఫ్ బుర్రలో పుట్టిన కోడ్ అది. చెరువు దగ్గరికి వచ్చిన ప్రతివాడూ అడిగే ప్రశ్న అదే. పొద్దుట్నుంచి ఇద్దరు ముసలాళ్ళూ, ఒక పాలవాడూ గ్యాల్సన్‌కు కోడ్ చెప్పి వెళ్ళారు.

యాంగ్చెన్ గొంతు తగ్గించింది. “ఫిల్ము మీ తమ్ముడి కాళ్ళ ప్యాడ్లలో ఉంది. మ్యాచ్ అయ్యేదాకా ఆగండి. అవగానే అందరూ గోల్ దగ్గర వాణ్ణి చుట్టుముట్టండి. నాకు చాలా బాధగా ఉంది అచోలే.”

“నాకూను.”

“ఇంకొకటి. జ్ఞాపిక ఆలస్యం కాకూడదు. విమానం వెళ్ళిపోతుంది. మీరు ఉపన్యాసాలు మొదలెట్టకుండా నేరుగా మదామ్ చేతికి ఇప్పించండి.”

అంతలో ఆమాలే వెన్నటీ కెటిల్ పట్టుకుని వచ్చింది. “తాగుతావా అమ్మా?”

“ఇవ్వండి ఆమాలే, చలి చంపేస్తోంది,” అని యాంగ్చెన్ కప్పు చాచింది.

కెటిల్ గాల్లోనే ఆగిపోయింది.

లేహ్‌లో టీ పోస్తామంటే కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టాలి. వద్దనాలి. వాళ్ళు మళ్ళీ అడగాలి, మళ్ళీ వద్దనాలి. మూడోసారి బతిమాలితే, మీ మాట కాదనలేక అన్నట్టు కొంచెం ఒప్పుకోవాలి. దాహంతో నాలుక పిడచకట్టినా ఇంతే. దాన్ని జాంగ్స్ అంటారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఉగ్గుపాలతో వస్తుంది. ఎండు ఆప్రికాట్ చూపిస్తే నడక రాని పిల్ల కూడా ముందు చేతులు వెనక్కి దాచుకుంటుంది.

ఆమాలే టీ పోసి, గ్యాల్సన్‌ను పక్కకు లాగింది. “ఎవరింటి పిల్లరా ఇది? ఒక్క మాటకే కప్పు చాచింది!”

“విదేశాల్లో చదివిందట ఆమాలే.”

“విదేశం వెళితే సిగ్గు ఊడిపోతుందా? నుబ్రాలో పెరిగానని చెప్పుకుంటోంది. నుబ్రా ముసలమ్మలు నాలుగుసార్లు అనిపిస్తారు!”

గ్యాల్సన్‌కు ఇంకేమీ వినక్కర్లేకపోయింది. ఆమెకు భాష నేర్పినవాళ్ళు బాగానే నేర్పారు. యాస నేర్పారు, నగ పెట్టుకోవడం నేర్పారు, అన్నను అచోలే అని పిలవడం నేర్పారు. వద్దు అనడం మాత్రం నేర్పలేదు. ముఠాకు వాళ్ళ మనిషే. మన దగ్గరా వాళ్ళ మనిషే. అందర్నీ గోల్ దగ్గరికి తోలి, తను వేదిక దగ్గర ఉండబోతోంది. ఒళ్ళో పళ్ళెంతో.

అతను పెన్ను నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. చలికి బ్యాటరీ చచ్చి ఊరుకుంది. చీఫ్ మనుషులు నలుగురూ గోల్ వెనక ఉన్నారు. మారువేషంలో. నలుగురికీ ఒకే రకం టోపీ, నలుగురి చేతుల్లోనూ ఒకే పాత పేపరు. అందులో ఒకడు దాన్ని తలకిందులుగా చదువుతున్నాడు. పిలిచినా యాంగ్చెన్ మాటే నమ్ముతారు. పళ్ళెం లాక్కుంటే రాయబారి భార్యకు అవమానం. అందులో ఫిల్ము లేకపోతే తన తలా, తమ్ముడి తలా ఒకే తాడుకు.

విజిల్ మోగింది. గ్యాల్సన్ మైకు అందుకున్నాడు.

*

“కెప్టెన్ భాసిన్ గారు ముందుకు దూసుకొస్తున్నారు... వస్తున్నారు... పడ్డారు! మంచు గట్టిగానే ఉందని తేల్చారు, జూలే సాబ్, దండాలు! పక్ వంటవాడి దగ్గర. ఏయ్, అది చపాతీ కాదు నాయనా, తిరగెయ్యకు! పోయింది, స్కౌట్స్ చేతికి పోయింది. గోలీ నుర్బూ! రెడీగా ఉన్నాడు! ఎటు చూస్తున్నావురా, పక్ ఇటు! గోల్!”

జనం పొట్టలు పట్టుకున్నారు. నుర్బూ చెవులు హెల్మెట్ కిందనుంచి ఎర్రగా కనిపించాయి. గ్యాల్సన్ అటు చూడకుండా ఇంకో తిట్టు అందుకున్నాడు.

రెండో విరామానికి స్కౌట్స్ ఆరు గోల్స్ మీద ఉన్నారు. గ్యాల్సన్ వేదిక ఎక్కి మదామ్ వాలెస్కా ముందు నడుం వంచాడు. ఆవిడ ఒంటి నిండా నక్కతోలు. నుర్బూతో కరచాలనం చేసిన చేతి తొడుగును రుమాలుతో తుడుచుకుంటోంది.

“మదామ్, ఒక్క చిన్న మర్యాద. మా దగ్గర కానుక ఇస్తే పెద్దింటివాళ్ళు వెంటనే అందుకోరు. ముందు వద్దంటారు. మూడోసారి తీసుకుంటారు. తమరు అలా చేస్తే మా జనం తమర్ని నెత్తిన పెట్టుకుంటారు.”

“ఓ, నాకు తెలుసు!” అంది ఆవిడ, వచ్చీరాని హిందీలో. “పుస్తకంలో చదివాను. మీ కొండ మనుషులు చాలా... ముద్దుగా ఉంటారు.”

“అవును మదామ్. మా ముద్దు చూసే చాలామంది మోసపోతారు.”

ఆవిడకు ఆ మాట అర్థం కాలేదు. ముద్దుగా నవ్వింది.

మ్యాచ్ ఎనిమిది సున్నాతో ముగిసింది. చీఫ్ మనుషులు పేపర్లు మడిచి గోల్ వైపు కదిలారు. నుర్బూ అయోమయంగా నిలబడ్డాడు. వేదిక మీద కెప్టెన్ భాసిన్ కుంటుకుంటూ పళ్ళెం పట్టుకున్నాడు. పక్కన యాంగ్చెన్. కింద జీపు ఇంజను అప్పటికే నడుస్తోంది.

“మదామ్, మా జట్టు మొదటి పక్. ప్రేమతో,” అన్నాడు భాసిన్.

మదామ్ గుండె మీద చెయ్యి వేసుకుంది. గ్యాల్సన్ మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. చెరువంతా వినబడింది.

“వద్దు, వద్దు! నాకొద్దు!”

“తీసుకోండి!” అని యాంగ్చెన్ గొంతు జీరగా అరిచింది. ఆ ఆచారం తెలియనిది అక్కడ ఆమె ఒక్కతే.

రెండోసారి అడగాల్సిన చోట గ్యాల్సన్ అడగలేదు. పళ్ళెంలోంచి పక్ లాక్కున్నాడు. “విన్నారుగా! మదామ్ వద్దన్నారు! ఎంత పెద్ద మనసు! ఈ కానుక మన గోలీకే ఇమ్మంటున్నారు!”

జనం నోళ్ళు తెరిచారు. లేహ్ పుట్టిన తర్వాత మొదటి వద్దును నిజంగా వద్దనుకున్న మనిషి ఇతనే. డేరాలోంచి ఆమాలే గరిటె ఊపుతూ అరిచింది, “సిగ్గులేనోడా! మళ్ళీ అడగరా! మీ అమ్మ ఇదేనా నేర్పింది?”

మదామ్ చేతులు చాచింది. యాంగ్చెన్ అతని మణికట్టు మీదికి ఎగిరింది. ఆమె గోళ్ళు తగిలేలోపు గ్యాల్సన్ బలమంతా కూడదీసుకుని పక్‌ను చెరువు మీదుగా విసిరాడు.

“నోనో! తమ్ముడూ, పట్టుకో!”

ఎనిమిదింటిని వదిలేసిన నుర్బూ ఈ ఒక్కదాన్ని గాల్లోనే ఒడిసిపట్టాడు. పట్టుకుని తనే ఆశ్చర్యపోయాడు. తర్వాత దాన్ని తిప్పి చూశాడు. “అచో! ఇది నా మడమ కాదు! నాదాంట్లో మేకుల చిల్లులుంటాయి. దీనికి మూత ఉంది!”

మూత తిరిగింది. సన్నటి ఫిల్ము చుట్ట చీఫ్ మనుషుల కాళ్ళ దగ్గర మంచు మీద దొర్లింది.

భాసిన్ ముఖం మంచుకన్నా తెల్లబడింది. “ఆ స్టాండు... యాంగ్చెనే పక్ తీసుకెళ్ళి చేయించి తెచ్చింది. రేడియో గది చూడాలని సరదాపడితే... తాళం నుర్బూ దగ్గర నేనే తీసుకున్నాను. ఒక్క పది నిమిషాలు...”

“పది నిమిషాలు తమరు ఎటు చూస్తున్నారు సాబ్?”

“ఆవిడ కళ్ళలోకి,” అన్నాడు భాసిన్, తల దించుకుని.

మదామ్ జీపెక్కింది. ఖాళీ చేతులతో, తుడుచుకోవడానికి రుమాలు కూడా మరిచిపోయి. యాంగ్చెన్ మాత్రం చెరువు మీదుగా పరిగెత్తింది. ఎత్తు మడమల బూట్లతో. నాలుగు అడుగులు బాగానే పరిగెత్తింది.

గ్యాల్సన్ నింపాదిగా వెళ్ళి, వెల్లకిలా పడ్డ ఆమె మీదికి వంగాడు. “మంచు గట్టిగా ఉందా?”

ఆమె కోడ్‌కు బదులు చెప్పలేదు.

అతను మైకు దగ్గరికి తిరిగి వచ్చాడు. నుర్బూ చుట్టూ ఇప్పుడు స్కౌట్స్ జట్టువాళ్ళే చేరి వీపు చరుస్తున్నారు. వాడి చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. అయితే ఈసారి సంతోషానికి.

“శ్రద్ధగా వినండి,” అన్నాడు గ్యాల్సన్, గొంతు సవరించుకుని. “షాంగ్‌లుంగ్ గారిసన్ గోలీ ఈ టోర్నమెంట్‌లో ఆపింది ఒక్కటే. అదీ మ్యాచ్ అయిపోయాక. చప్పట్లు కొట్టేవాళ్ళు కొట్టవచ్చు.”

చెరువు దద్దరిల్లింది.

జీపు వచ్చేదాకా యాంగ్చెన్‌ను టీ డేరాలోనే కూర్చోబెట్టారు, చేతులకు సంకెళ్ళతో. ఆమాలే కెటిల్ పట్టుకుని ఎదురుగా నిలబడింది. శత్రువైనా చలిలో వచ్చినవాళ్ళకు టీ పోయాలి కదా.

“తాగుతావా అమ్మా?”

“వద్దు,” అంది యాంగ్చెన్, మొహం తిప్పుకుని.

ఆమాలే గ్యాల్సన్ వైపు చూసి తృప్తిగా తలూపింది.

“నేర్చుకుంది. ఇంకో రెండుసార్లు అనిపించి పోస్తాను.”