ఆఖరి కాపీ

పాత ఆఫీసు సామాన్లు కొని అమ్మే వ్యాపారిని ఉదయం పదకొండింటికి, సొంత దుకాణం మెట్ల మీదే కాల్చేశారు. సైలెన్సర్ ఉన్న పిస్టల్. రెండు బుల్లెట్లు. పక్క కొట్టువాడు ఏదో అట్టపెట్టె పడిందనుకున్నాడు.

పన్నెండింటికి ఆయన బిల్లు పుస్తకం సీక్రెట్ సర్వీస్ చీఫ్ బల్ల మీదికి చేరింది. పన్నెండూ అయిదుకు చీఫ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కూర్చో," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పదిహేడు కూర్చోలేదు. ఆ గదిలో కూర్చోమన్నారంటే వార్త మంచిది కాదని తొమ్మిదేళ్ళ సర్వీసులో అతనికి తెలిసొచ్చింది.

"మూడు వారాల క్రితం మన పాత జిరాక్స్ మెషీన్‌ని స్క్రాప్ కింద అమ్మేశాం. కొన్నది ఈ వ్యాపారి. అతని దగ్గర కొన్నది అచ్చు ముఠా. ఆ సంగతి బయటికి పొక్కకూడదని ఇవాళ అతన్ని కాల్చేశారు."

"మెషీనే కదా సార్?"

"దాని కడుపులో హార్డ్ డిస్క్ ఉంటుందయ్యా. అద్దం మీద పెట్టిన ప్రతి కాగితం బొమ్మా అందులో దాచుకుంటుంది. మనవాళ్ళు మెషీన్‌ని తడిగుడ్డతో తుడిచి మరీ పంపారు. డిస్క్ మాత్రం తీయలేదు."

ఆ ఆఫీసు సంగతి కాస్త చెప్పుకోవాలి. అక్కడ పాడైన కాపీ ఒక్కటి కూడా చెత్తబుట్టలో పడదు. ముక్కలు చేస్తారు, కాలుస్తారు, బూడిద తూకం వేసి సంతకాలు పెడతారు. అంత జాగ్రత్త గల మహానుభావులు, కాగితాలన్నీ మింగి కూర్చున్న మెషీన్‌ని మాత్రం నలుగురు కూలీల చేత ఎత్తించి దగ్గరుండి లారీ ఎక్కించారు. ఇప్పుడు చేతులు కాలాయి కాబట్టి ఆకుల కోసం వెతుకుతున్నారు.

అచ్చు ముఠా విదేశీ ముఠా. వాళ్ళు బంగారం జోలికి పోరు, మనుషుల్నే దొంగిలిస్తారు. ఆస్పత్రులు, స్కూళ్ళు, వీధి చివరి జిరాక్స్ షాపులు వదిలించుకున్న మెషీన్లను కొంటారు. డిస్కులు ఊడదీసి, వాటిలోని ఐడీ కార్డులు, సంతకాలు, వేలిముద్రలు మూటకట్టి అమ్ముతారు. కొన్నవాడు మీ పేరుతో సిమ్ తీసుకుంటాడు, మీ పేరుతో లోను తీసుకుంటాడు, మీ గొంతు అనుకరించి మీ వాళ్ళకే ఫోన్ చేస్తాడు. మీరు లబోదిబోమంటూ బ్యాంకుకు పరుగెత్తితే, మీరు మీరేనని రుజువేంటని కౌంటర్‌లో ఉన్నాయన మిమ్మల్నే నిలదీస్తాడు.

"మన డిస్కులో ఏముంది సార్?" అడిగాడు పదిహేడు.

"నెమలి."

పదిహేడు అప్పుడు కూర్చున్నాడు.

నెమలి డబుల్ ఏజెంట్. ముఠా నాయకుడికి ఆరేళ్ళుగా దుబాసీ. పట్టుచీర కట్టి, పెదాలకు ఎర్ర రంగు వేసి, కొనడానికి వచ్చినవాళ్ళను మాటలతో కూర్చోబెట్టేది ఆమే. వాళ్ళు వెళ్ళాక ఆ పేర్లన్నీ చీఫ్‌కు చేరవేసేదీ ఆమే. సర్వీసులో చేరిన రోజు ఆమె ఇచ్చిన దరఖాస్తు, ఫొటోతో సహా, ఆ మెషీన్ మీదే కాపీ అయింది.

"రెండు నెలలుగా ఆమె దగ్గర్నుంచి కబురు లేదు," అన్నాడు చీఫ్. "ప్లేటు ఫిరాయించిందేమో కూడా తెలీదు."

"ఫిరాయించదు సార్."

"నీ అక్క కాబట్టి అలా అంటున్నావు."

నిజమే, అక్క కాబట్టే అన్నాడు.

"ఆమె ముఖం తెలిసింది మనిద్దరికే. నన్ను వాళ్ళు గేటు దగ్గరే గుర్తుపడతారు. నాలుగింటికి గోడౌన్‌కి ఒక పార్టీ వస్తోంది. శాంపిల్‌గా ఏవో రెండు మూడు పేజీలు ప్రింట్ తీసి చూపిస్తారట, ఫోన్‌లో విన్నాం. ఇంకో మాట. రూల్ ప్రకారం ఆమె కాగితాలన్నీ మనం కాల్చేశాం. బయటి రికార్డులు కూడా మనమే తుడిపించాం. ఆమె అసలు పేరు ఇప్పుడు ఆ డిస్కులో తప్ప ఎక్కడా లేదు."

"అంటే డిస్క్ తుడిచేస్తే..."

"మనిషి బతుకుతుంది. పేరు పోతుంది."

గోడౌన్ లోపలికి వెళ్ళే దారి బిల్లు పుస్తకంలోనే దొరికింది. పోయిన వ్యాపారి నిజాయితీపరుడు. బిల్లు అడుగున స్వయంగా రాసి పెట్టాడు: నెల లోపు ఒక సర్వీసింగ్ ఉచితం.

టెక్నికల్ సెక్షన్ అమ్మాయి ఒక చిన్న వాక్యూమ్ క్లీనర్ తెచ్చింది. జిరాక్స్ మెకానిక్కులు టోనర్ పొడి పీల్చడానికి వాడేదే.

"పచ్చ బటన్ నొక్కితే మామూలు క్లీనర్ అన్నా. ఎర్ర బటన్ నొక్కితే మూరెడు దూరంలో ఉన్న డిస్కులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఒక్కసారే పనిచేస్తుంది. రెండోసారి ఛార్జింగ్ ఉండదు. నొక్కగానే బయట కాచుకున్న మన కమాండోలకు సిగ్నల్ వెళ్తుంది."

"మూరెడేనా?"

"బారెడు కావాలంటే లారీలో తీసుకెళ్ళాలి."

గోడౌన్ గేటు దగ్గర గుండు చేయించుకున్న కాపలావాడు పదిహేడును ఎగాదిగా చూశాడు. మూడూ ముప్పై అయిదు.

"సర్వీసింగ్ ఎవడు అడిగాడు నిన్ను?"

"ఫ్రీ అండీ. బిల్లు మీద ఉంది. చేసి సంతకం తీసుకోకపోతే మా ఓనర్ నా జీతం కోస్తాడు."

ఓనర్ ప్రాణమే పోయిందని తెలిసినవాడు గుండువాడు. వాడి చెయ్యి చొక్కా కిందికి వెళ్ళింది.

"రానివ్వు," అంది లోపలి నుంచి ఒక ఆడగొంతు. "మెషీన్ గీతలు కొడుతోందని నేనే ఫోన్ చేశాను."

ఆరేళ్ళ తర్వాత అక్కను చూశాడు. చిక్కిపోయింది. ఆమె అతన్ని మెకానిక్‌ను చూసినట్టే చూసింది, రెప్ప కూడా వాల్చలేదు. ఫిరాయించలేదని అతనికి అర్థమైంది. అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

గుండువాడు వెనకే వచ్చాడు. లోపల సోఫా మీద కొనడానికొచ్చిన పార్టీ అప్పటికే కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకున్న ముసలాయన, అరగంట ముందే దిగాడు. పక్కన ముఠా నాయకుడు గ్లవ్స్ దొర. ఊళ్ళో వాళ్ళ వేలిముద్రలన్నీ అమ్మే ఆ మనిషి తన వేళ్ళు మాత్రం తెల్ల గ్లవ్స్‌లో దాచుకుంటాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. గది మధ్య ఆఫీసు మెషీన్. పది అడుగుల అవతల చక్రాల రాక్ మీద ముప్పై డిస్కులు. ఒక్కొక్క దానిలో కొన్ని వేల మంది.

మూరెడు. ఒక్కసారి. అక్కను కాపాడితే ఆ రాక్ మిగిలిపోతుంది.

"పేపర్ ఇరుక్కుందమ్మా," అన్నాడు మెషీన్ మూత ఎత్తి. అది సర్వీసు కోడ్. నీ గుట్టు బయటపడింది, వెంటనే వెళ్ళిపో అని అర్థం.

"రోలర్ అరిగిందేమో చూడండి," అంది. పని పూర్తి కాలేదు, వెళ్ళను అని అర్థం.

మొండిది. చిన్నప్పటి నుంచీ అంతే.

గ్లవ్స్ దొర తన భాషలో ఏదో గదమాయించి లేచాడు. ముసలాయనకు తొందరగా ఉన్నట్టుంది. దొర స్క్రీన్ మీద వేలు ఆడించి, చేతికొచ్చిన పేజీ నొక్కాడు. మెషీన్ గుర్రుమంది. ఎవరిదో కరెంటు బిల్లు వచ్చింది. ముసలాయన తలూపాడు. దొర మరో పేజీ నొక్కాడు.

మెషీన్ పక్క తలుపు సందులోంచి పదిహేడుకు కాగితం కనిపిస్తోంది. పైన డిపార్ట్‌మెంట్ ముద్ర. దాని కింద నల్లటి జుట్టు, పాపిట, నుదురు. అక్క కళ్ళు.

తలుపు గుంజేశాడు. మెషీన్ టక్కున ఆగిపోయింది.

"ఏమైందిరా?" అరిచాడు గుండువాడు.

"టోనర్ లీకవుతోంది సార్! ఆగండి, తీస్తున్నా!"

కాగితం ఇంకా వేడి రోలర్ దాకా చేరలేదు. చేరకపోతే అచ్చు అంటుకోదు, ఉత్త పొడిలా ఉంటుంది. ఆ పనిలో ఉన్నవాళ్ళకే తెలిసే సంగతి, మధ్యాహ్నమంతా కూర్చుని నేర్చుకున్నాడు. కాగితాన్ని బయటికి లాగుతూ అరచేత్తో అక్క ముఖం మీద రుద్దాడు. కళ్ళు చెరిగిపోయాయి, ముక్కు చెరిగిపోయింది, పేరు చెరిగిపోయింది. నల్లటి మరక మిగిలిన కాగితాన్ని దొరకు అందించాడు. దొర తన తెల్ల గ్లవ్స్ వంక చూసుకుని ముట్టుకోలేదు, గుండువాడు అందుకున్నాడు.

"మళ్ళీ తీయమంటున్నారు," అంది నెమలి. చెరిగే ముందు ఆ కాగితాన్ని ఆమె కూడా చూసింది.

"లోపల పొడి పీల్చేస్తానమ్మా. ఒక్క నిమిషం."

పచ్చ బటన్ నొక్కాడు. క్లీనర్ గోలకు గది హోరెత్తింది. ఆమె మెషీన్ మీదికి వంగింది.

"అక్కా, నీ కాగితాలన్నీ కాల్చేశారు. నీ పేరున్నది ఇందులోనే. ఇది తుడిస్తే నువ్వు నువ్వేనని చెప్పడానికి చిత్తు కాగితం కూడా ఉండదు."

"ఆ రాక్ సంగతేంటి?"

"అందదు. మూరెడే పనిచేస్తుంది."

"అయితే నేను తెస్తాను."

"టైం లేదక్కా! ముందు నిన్ను..."

"నోర్ముయ్ చిన్నోడా. అందులో ఎందరి అమ్మలున్నారో నీకు తెలీదు. వాళ్ళకు ఫోన్లు చేయడం నేను విన్నాను."

ఆమె నవ్వు ముఖం తగిలించుకుని ముసలాయన వైపు తిరిగింది. ఆయన భాషలో ఏదో తీయగా చెప్పింది. సరుకు దగ్గర్నుంచి చూడండి అని కాబోలు, ఆయన సంబరంగా లేచాడు. ఆమె రాక్‌ను తోసుకుంటూ రాసాగింది. చక్రం ఒకటి కిర్రుమంటోంది. ఎనిమిది అడుగులు. అయిదు.

గ్లవ్స్ దొర అప్పటికే మెషీన్ తలుపు మోకాలితో తోసి మూసి, బటన్ నొక్కాడు. మెషీన్ మళ్ళీ గుర్రుమంది. గుండువాడు మరక కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి చూస్తున్నాడు. చెరగకుండా మిగిలిన డిపార్ట్‌మెంట్ ముద్ర వాడికి కనిపించింది. పిస్టల్ పైకి లేచింది. మూడడుగులు. కాగితం అంచు బయటికొచ్చింది. జుట్టు, పాపిట.

"ఇప్పుడు నొక్కరా!"

రాక్ మెషీన్‌కు గుద్దుకుంది. పదిహేడు ఎర్ర బటన్ నొక్కాడు. లైట్లు ఒకసారి రెపరెపలాడాయి. బుల్లెట్ క్లీనర్‌ను చీల్చుకుంటూ పోయింది. తలుపు బద్దలుకొట్టుకుని కమాండోలు వచ్చేసరికి, నుదురు వరకే అచ్చయి ఆగిపోయిన కాగితాన్ని మెషీన్ ట్రేలోకి వదిలింది. నుదురు కిందంతా తెల్ల కాగితమే.

సాయంత్రం ఆరింటికి అక్కా తమ్ముళ్ళు మూడో అంతస్తు ఫ్లాట్ తలుపు కొట్టారు. తలుపు గొలుసు పొడవున మాత్రమే తెరుచుకుంది.

"ఎవరూ?"

"అమ్మా, నేనే."

సందులోంచి అమ్మ కన్ను ఆమెను కిందికీ పైకీ చూసింది. "నేనే అంటే? పోయిన నెల నా కూతురినేనంటూ ఎవరో ఫోన్ చేశారు. ఆస్పత్రిలో ఉన్నానని ఏడ్చారు. నమ్మి బ్యాంకుకు సగం దూరం నడిచాను. ఏదైనా కార్డు ఉందా?"

"లేదమ్మా. ఏమీ లేదు."

"అమ్మా, నేను తీసుకొచ్చాను కదా," అన్నాడు పదిహేడు.

"నువ్వు నోరు మూసుకో. నీకూ ఎవరైనా టోపీ పెట్టి ఉండొచ్చు."

ఆమె ఏడుస్తోంది. ఆరేళ్ళు శత్రువుల మధ్య కంటతడి పెట్టని మనిషి, గుమ్మం బయట ముక్కు చీదుతూ నిలబడింది. సందులోంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి బయటికొచ్చి ఆమె చెంప తడిమింది, చెవి వెనక తడిమింది, జుట్టులోకి వెళ్ళి ఆగింది.

"నూనె పెట్టి ఎన్నాళ్ళయిందే?" అంది అమ్మ. గొలుసు ఊడింది.

వాళ్ళింకా గుమ్మంలో ఒకరినొకరు వదలకముందే పదిహేడు ఫోన్ మోగింది. అతని చేతులు ఖాళీగా లేవు, అమ్మే ఎత్తింది.

"కంగ్రాట్స్ చెబుదామని," అంది అవతలి గొంతు. "మీ అమ్మాయితో మాట్లాడాలి. అర్జెంట్."

"మీ పేరు?"

"పేరు చెప్పకూడదమ్మా. గవర్నమెంట్ పని."

"ఈ మాటే పోయిన నెల ఇంకొకడూ చెప్పాడు. పెట్టెయ్ ఫోను," అని అమ్మ కట్ చేసి, సీక్రెట్ సర్వీస్ చీఫ్‌ను బ్లాక్ లిస్టులో పెట్టింది.