పగటి మంట

ఆ ఫ్యాక్టరీలో జరిగేది నీళ్ళను విడగొట్టే పని. తొట్లలోని నీళ్ళలోకి కరెంటు పంపితే ఒకపక్క ఆక్సిజన్, ఇంకోపక్క హైడ్రోజన్ బుడబుడమని లేస్తాయి. ఆ హైడ్రోజన్‌తోనే ఊళ్ళో బస్సులు నడుస్తున్నాయి. మండినా పొగ రాదు, మసి రాదు. చిక్కల్లా ఒక్కటే. పట్టపగలు దాని మంట కంటికి ఆనదు.

అందుకే పైపుల మధ్యకు వెళ్ళేవాళ్ళు పొడవాటి కర్రకు కట్టిన చీపురును ముందుకు చాపి నడుస్తారు. దాని కొస అంటుకుంటే ఎదురుగా మంట ఉన్నట్టు. "ఎంత చదివినా నాకీ చీపురు తప్పలేదు" అని నవ్వేది ఆపరేటరమ్మ. కంట్రోల్ రూములో కూర్చునేది ఆమె చెల్లెలి మొగుడే, నాలుగేళ్ళ బుజ్జిదాని నాన్న.

ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. గ్యాస్ లీకవుతోందని సైరన్ మోగింది. ఆమె చీపురు పట్టుకుని బయల్దేరింది. నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది.

"వదినా, వాల్వు కట్టేశాను. భయం లేదు, రా."

చెల్లెలి పెళ్ళినాటి నుంచీ వింటున్న గొంతే. ధైర్యంగా అడుగేసింది. ఉన్నట్టుండి సైరన్ ఆగిపోయింది. పైపుల సన్నటి ఈల కూడా లేదు. ఏ వాసనా లేదు.

"ఇంకొంచెం ముందుకి, వదినా."

చీపురు కొస భగ్గుమంది.

వెనక్కి దూకి, కాలుతున్న పుల్లల్ని నేలకేసి కొట్టింది. "ఏమయ్యా, కట్టేశానన్నావు?"

మళ్ళీ చీపురు చాపింది. తల ఎత్తులో అంటుకుంది. ఆర్పి, కాస్త కిందికి దించింది... భుజం దగ్గర. ఇంకా కిందికి... నడుము దగ్గర.

అది పైపులోంచి రావడం లేదు. దారి మధ్యలో నిలబడి ఉంది. మనిషంత.

ముఖానికి సెగ కొట్టింది. దగ్గరికొస్తోంది...

"రా, వదినా..."

ఈసారి వాకీటాకీలోంచి కాదు. ఎదురుగా.

చీపురు అక్కడే పారేసి పరుగు లంకించుకుంది. గేటు దగ్గర మరిది రొప్పుతూ ఎదురొచ్చాడు.

"క్షమించు వదినా. సైరన్ వినగానే వాకీటాకీ బల్లమీదే వదిలేసి వాల్వు దగ్గరికి పరిగెత్తాను. అది బిగుసుకుపోయింది. ఇప్పుడే మూతపడింది."

"మరి... నన్ను రమ్మన్నదెవరు?"

అతని మొహం పాలిపోయింది. "నేను నోరు విప్పితే ఒట్టు."

ఫ్యాక్టరీ డాక్టరు ఆమె కమిలిన బుగ్గలకు మందు రాస్తుంటే, మరిది పక్కనే కుర్చీలో తలపట్టుకుని కూర్చున్నాడు. అంతలో ఫోన్ మోగింది. చెల్లెలు. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కా, ఆయన ఇంత పెందలాడే వచ్చేశాడేంటి? తలుపు తియ్యమని పిలుస్తున్నాడు. కిటికీలోంచి చూస్తే మాత్రం... ఎవరూ లేరు."

ఆమె మరిది వంక చూసింది.

"తియ్యొద్దే! ఆయన ఇక్కడ, నా పక్కనే ఉన్నాడు!"

అవతల గడియ చప్పుడు వినిపించింది. తర్వాత, ఊపిరి అందనట్టు ఒక గుసగుస...

"బుజ్జిది తీసేసింది అక్కా... గాల్లో ఉంది... ఎవరో ఎత్తుకున్నట్టు... నవ్వుతోంది."