మూడంతస్తుల చదరంగం

మా తమ్ముడికి చదరంగం పిచ్చి. ఒక బల్ల మీద ఆడే పిచ్చి అయితే ఎవరైనా సర్దుకుపోతారు. వాడిది మూడంతస్తుల పిచ్చి.

అంటించింది మా మావయ్య. ఆయన అద్దాలు కోసే పనివాడు. మిగిలిపోయిన కిటికీ అద్దాల మీద గళ్ళు గీసి, ఇనప స్టాండులో ఒకదాని మీద ఒకటిగా మూడు పలకలు బిగించాడు. మామూలు చదరంగంలో ఏనుగు నిలువుగానో అడ్డంగానో పోతుంది. దీంట్లో లిఫ్టు ఎక్కినట్టు నేరుగా పై పలకకీ పోతుంది. గుర్రం ఒక అంతస్తు ఎక్కో దిగో రెండు గళ్ళ అవతలికి దూకుతుంది, మధ్యలో ఏమున్నా దానికి లెక్కలేదు. రాజు పక్క గడిలోకే కాదు, నెత్తి మీది గడిలోకీ కాళ్ళ కింది గడిలోకీ జరగొచ్చు. అన్నీ అద్దాలే కాబట్టి ఏ పావు ఏ పలక మీదుందో కళ్ళు మోసపోతాయి. అందుకే పలక మారినప్పుడల్లా "పైకి" అనో "కిందికి" అనో పైకే చెప్పాలని మావయ్య పెట్టిన పద్ధతి. వాళ్ళు ఆడేది మా ఇంటిని ఆనుకున్న మావయ్య అద్దాల దుకాణంలో. నేను గోడకి ఇవతల మిషన్ మీద బట్టలు కుడుతూ ఇదంతా వినేదాన్ని. చెవులు చిల్లులు పడేవి. "మీ ఇద్దరికీ లిఫ్టు ఉద్యోగాలు చూడనా?" అని ఏడిపించేదాన్ని.

మావయ్యకి పెళ్ళాం పిల్లల్లేరు. దుకాణం మీది గదిలో ఒక్కడే ఉండేవాడు. ప్రతి ఆటకీ ఒకటే పందెం. "ఓడిపోతే నా దగ్గరికి వచ్చెయ్యాలిరా. మాటేనా?"

"మాటే. ముందు నువ్వు గెలువు మావయ్యా" అనేవాడు తమ్ముడు.

వాడు ఒక్కసారీ ఓడలేదు. అయినా ఆ పందెం నాకు నచ్చేది కాదు. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలింది వాడొక్కడే.

ఒక ఆట మధ్యలో, ఎత్తు తన వంతుగా ఉండగా, మావయ్య గుండె ఆగిపోయింది. దుకాణం ఖాళీ చేసిన రోజు తమ్ముడు ఆ స్టాండు తెచ్చి మా ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. ఏ పావు ఎక్కడుండేదో అక్కడే పేర్చాడు.

"తీసి అటక మీద పడెయ్యరా" అన్నాను.

"సగం ఆట ఎలా చెరుపుతానక్కా?" అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకి, వాన పడుతున్న ఒక సాయంత్రం, కరెంటు పోయింది. నేను మిషన్‌ని ముందు గదిలోకి లాక్కుని, కొవ్వొత్తి వెలుగులో కాజాలు కుడుతున్నాను. గోడలు చెమ్మ వాసన వేస్తున్నాయి. ఆ చెమ్మలోనే సన్నగా కిరసనాయిలు వాసన. అద్దం కోసే ముందు మావయ్య కత్తి ముంచేది అందులోనే.

"అక్కా, దుమ్ము దులుపుతూ మావయ్య నల్ల ఏనుగుని కదిపావా?"

"నేను ముట్టుకోలేదు."

"మంచి ఎత్తే వేశావులే" అని నవ్వాడు.

ఆటగాళ్ళకుండే జబ్బే అది. ఎదురుగా ఎత్తు కనిపిస్తే ఎవరు వేశారని అడగరు, జవాబు ఏమిటని చూస్తారు. వాడు తన తెల్ల గుర్రాన్ని ఎత్తి పై పలక మీద పెట్టాడు. "పైకి" అన్నాడు అలవాటుగా.

అద్దం మీద కొయ్య గీసుకున్న చప్పుడైంది.

"కిందికి."

గొంతు తడారిపోయిన మనిషి మాట... గదిలో మేమిద్దరమే. నా కాలు మిషన్ తొక్కుడు మీదే బిగుసుకుపోయింది. నల్ల ఏనుగు నడిమి పలక మీద ఉంది.

"లేరా. లేచి ఇవతలికి రా" అన్నాను గుసగుసగా.

"ఎత్తు వేసేశానక్కా. ఒప్పుకున్నట్టే. మధ్యలో లేస్తే ఓడినట్టే."

ఓడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నాకు భయం కన్నా ముందు ఒళ్ళు మండింది. స్టాండుని ఎత్తి వీధిలోకి విసిరేద్దామని రెండు చేతులా పట్టుకున్నాను. ఇసుమంతైనా కదల్లేదు. అవతల ఎవరో పట్టుకుని కూర్చున్నట్టుంది.

ఆట సాగింది. పైకి... కిందికి... కిందికి... తెల్ల పావులు ఒక్కొక్కటే పోతున్నాయి. తమ్ముడి పెదవులు పాలిపోయాయి. ఆ ఆట నాకు అంతంతమాత్రం. అయినా చూస్తూ ఊరుకోలేక వాడి చెవిలో చెప్పాను.

"రాజుని అడుగు పలక మీదికి దించెయ్. మూలకి తోసి చుట్టూ నీవాళ్ళనే పెట్టు. దాని కింద బల్లే కదా. అటు నుంచి ఎవడొస్తాడు?"

వాడి కళ్ళు వెలిగాయి. రాజుని దించాడు. రెండు మూడు ఎత్తుల్లో పక్కలా, నెత్తి మీదా సొంత పావులే గోడ కట్టాయి.

అవతల నుంచి చప్పుడు లేదు. చాలాసేపు లేదు. వాన కూడా తెరిపిచ్చింది. తమ్ముడు ఊపిరి వదిలి నా చెయ్యి నొక్కాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇప్పుడు రమ్మను!" అన్నాను.

కీ...చ్.

అద్దం కోస్తున్న చప్పుడు. బల్ల లోపల్నుంచి...

కొవ్వొత్తి వంచి చూశాను. అడుగు పలకకీ బల్లకీ మధ్య నాలుగో అద్దం ఉంది. దాని కింద బల్ల చెక్క కనిపించాలి. కనిపించలేదు. చీకటి ఉంది. ఆ చీకట్లోంచి నల్ల గుర్రం వచ్చి నాలుగో అద్దం మీద నిలబడింది.

"పైకి."

రాజుకి జరగడానికి గడి లేదు. చుట్టూ మేము కట్టిన గోడే, కాళ్ళ కింద ఆ చీకటే.

"ఆట కట్టు" అన్నాడు తమ్ముడు మెల్లగా. రాజుని పడుకోబెట్టాడు. లేచి, కొక్కేనికున్న చొక్కా తొడుక్కున్నాడు. నేను కుట్టిన చొక్కానే. కింది నుంచి మెడ దాకా ఒక్కో గుండీ పెట్టుకున్నాడు.

"ఎక్కడికిరా?"

"మాట ఇచ్చాను కదక్కా."

పరిగెత్తి గడియ పెట్టాను. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. "నా ప్రాణం పోయినా నిన్ను గడప దాటనివ్వను!"

వాడు తలుపు వైపు రాలేదు. బల్ల మీదికి వంగి అద్దాల్లోంచి లోపలికి చూస్తున్నాడు.

"ఇంకా చాలా ఉన్నాయక్కా... కింద."

దూకి రెండు చేతులా వాడి చొక్కా పట్టుకున్నాను. గుడ్డ చిరిగేంత గట్టిగా పట్టుకున్నాను.

"కిందికి."

ఈసారి ఆ గొంతు మా తమ్ముడిదే.

కరెంటు వచ్చింది. బల్ల మీద మూడే అద్దాలు. నా చేతుల్లో చొక్కా ఉంది, ఇంకా వెచ్చగా. గుండీలు మెడ దాకా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.