ఐసు పెట్టెకి గొడుగు

"మేడమ్, కాస్త గొంతు తగ్గించండి. లోపల అవి బెదురుతున్నాయి."

"నేను అరుస్తున్నది వాటి మీద కాదు, మీ మీద!"

పరిశోధనశాల వెనకున్న జంతుశాల గుమ్మంలో వాళ్ళిద్దరి పరిచయం అలా జరిగింది. ఆమె క్షయ వ్యాధి మీద పీహెచ్‌డీ చేస్తోంది. కోపం ముక్కు మీదే ఉంటుంది. అతను కొత్తగా చేరిన పశువుల డాక్టరు. బట్టల మీద రక్షణ గౌను తొడుక్కోకుండా గినీ పందుల గదిలోకి రావద్దన్నాడు, అంతే. ఎంత అరిచినా అతను గొంతు పెంచకపోవడం ఆమెకి మరీ ఒళ్ళు మండించింది.

ఆ రోజుతో మాటలు బంద్.

పని మాత్రం ఆగదు కదా! టీకా వేస్తే గినీ పందికి క్షయని ఎదిరించే శక్తి వస్తుంది. ఆ శక్తిని మోసే కణాలు దాని కడుపులోని ప్లీహం అనే అవయవంలో దొరుకుతాయి. వాటిని తీసి, అదే వంశానికి చెందిన, టీకా ఎరగని ఇంకో గినీ పందికి ఎక్కిస్తే శక్తి కూడా వెళ్తుందా? ఇదీ ఆమె ప్రశ్న. వెళ్తే, క్షయ పరీక్ష సూది వేసిన చోట మర్నాటికి చర్మం ఎర్రగా ఉబ్బాలి.

ఉబ్బలేదు. రెండోసారీ ఉబ్బలేదు.

మౌనం కట్టిపెట్టి ఆమె విసవిసా జంతుశాలకి వచ్చింది. "మీరు బోనులు తారుమారు చేసుంటారు!"

డాక్టరు చేతిలోని గినీ పందిని బోనులో పెట్టి తలుపేశాడు. "మీ ప్రయోగానికి ప్రతిసారీ కొన్ని ప్రాణాలు పోతున్నాయి మేడమ్. వాటిని నా చేతుల్తోనే నిద్రపుచ్చుతున్నాను. నేను అంత అజాగ్రత్తగా ఉంటానా?"

ఆమె వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. మనసు ఊరుకోక, ఇంకోసారి డాక్టరు ఎక్కించడానికని ఆ పొద్దున్నే జంతుశాలకి చేర్చిన ఐసు పెట్టెలోంచి కొన్ని కణాలు తెచ్చి, నీలం రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. చచ్చిన కణాలే ఆ రంగు పీల్చుకుంటాయి.

ఎటు చూసినా నీలమే.

పొద్దున్న తన బల్ల మీద బతికే ఉన్నాయే! మరి దారిలో ఏమైంది? ఆలోచించగానే ఆమెకి చెవులు వేడెక్కాయి. పరుగున మళ్ళీ జంతుశాలకి వెళ్ళింది.

"డాక్టర్ గారూ, తప్పు నాది. మీ మొహం చూడకూడదని ఐసు పెట్టె వరండాలో పెట్టేసి పోతున్నాను. ఎండకి ఐసు కరిగి కణాలన్నీ చచ్చాయి."

"నా తప్పూ ఉందండీ. మీరు ఎదురుపడకూడదని ఆలస్యంగా బయటికొచ్చేవాణ్ణి."

"అంటే మనిద్దరి పంతానికి ఆ మూగజీవాలు బలైపోయాయన్నమాట." ఈసారి ఆమె గొంతులో కోపం లేదు.

"ఇకనుంచి నా చేతికే ఇవ్వండి."

"ఇచ్చేటప్పుడు తిట్టచ్చా?"

"నిక్షేపంగా. పెట్టె ఇచ్చాక."

మూడో ప్రయత్నం రోజున వాన దంచికొట్టింది. పెట్టెని గుండెలకి హత్తుకుని ఆమె ఆవరణ దాటుతుంటే, డాక్టరు గొడుగేసుకుని ఎదురొచ్చాడు. తీరా గొడుగు పట్టింది పెట్టెకి!

"నేను తడిసిపోతున్నానండీ!"

"మీరు తుడుచుకోగలరు. కణాలు తుడుచుకోలేవు."

అతనూ నిలువునా తడిసిపోయాడు. కనురెప్పల మీంచి నీళ్ళు కారుతుంటే చిన్నపిల్లాడిలా కళ్ళు చికిలించాడు. ఆమె చూపు తిప్పుకోవడం మర్చిపోయి గుంటలో కాలేసింది.

పరీక్ష సూది వేసిన మర్నాడు, డాక్టరు గినీ పందిని రెండు చేతుల్లో పొదివి పట్టుకున్నాడు. ఆమె వంగి చూసింది. గుండ్రంగా, గట్టిగా, ఎర్రటి ఉబ్బు!

"వెళ్ళింది! డాక్టర్ గారూ, శక్తి వెళ్ళింది!" ఆమె అతని మోచెయ్యి గట్టిగా పట్టేసుకుంది. తేరుకున్నాక కూడా వదల్లేదు.

"మెల్లగా... ఇది బెదురుతుంది," అన్నాడు గుసగుసగా. "ఇక మీకు నాతో పని అయిపోయినట్టేనా?"

"ఒక్కసారి వస్తే ఎవరు నమ్ముతారు? మళ్ళీ మళ్ళీ చేసి చూపించాలి."

"అదీ అయ్యాక?"

"అప్పుడు పని లేకుండానే వస్తాను. రావద్దంటారా?"

"గౌను లేకుండా వచ్చినా ఆపను," అనేసి, "అంటే... గుమ్మం దాకా," అని సర్దుకున్నాడు. ఆమె పగలబడి నవ్వింది.

తర్వాతి ఆదివారం అతను వాళ్ళింటికి వెళ్ళాడు. ఆమె నాన్న టైలరు. కుట్టుమిషను ఆపి, కళ్ళద్దాల మీంచి ఎగాదిగా చూశాడు.

"మా అమ్మాయి కోపం తెలుసా బాబూ?"

"దాంతోనే పరిచయమండీ."

"తెలిసే వచ్చావా?"

"తెలిశాకే వచ్చానండీ."

ఆయన మెడలోని టేపు తీసి, అతన్ని అటు తిప్పి భుజాలు కొలవడం మొదలుపెట్టాడు.

"ఎందుకు నాన్నా?" అంది ఆమె, తెలిసీ తెలియనట్టు.

"పెళ్ళికి కోటు కుట్టద్దూ?" అన్నాడాయన. "చెయ్యి చాపు అల్లుడూ."