పాలకేడ్చే ఇల్లు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక పాత ఇల్లుంది. గోడలు పెచ్చులూడి, కిటికీలకి ఇనుప గ్రిల్లు బిగించి ఉంటుంది. దీపాలు పెట్టే వేళ దాటాక దాని ముందు ఆటో ఆపమంటే ఎవడూ ఆపడు. "ఆ మలుపు దాటినంక దిగున్రి" అంటాడు, బండి ఇంకా జోరు పెంచుతూ.

లోపల చంటిపిల్ల ఏడుస్తుందట.

ఎప్పుడూ కాదు... చీకటి పడి, గాలి లేచాకే. ముందు సన్నగా మొదలవుతుంది, తర్వాత గుక్కపడుతుంది. ఇంట్లో పిల్లలున్నారా అంటే — అసలు కాపురమే లేదు. తవ్వకాల్లో దొరికిన కుండలు దాచడానికి దాన్ని కిరాయికి తీసుకున్నారు. పాలమూరు వైపు ఒక బూడిద దిబ్బ తవ్వితే నాలుగు వేల ఏళ్ళ కిందటి రైతుల ఇళ్ళు బయటపడ్డాయి. ఆ పెట్టెలు ఇక్కడికి చేరినప్పటి నుంచే ఈ ఏడుపని సందంతా ఒకటే మాట. ఇద్దరు కావలివాళ్ళు చెప్పాపెట్టకుండా మానేశారు. మూడోవాడు రామచందర్ గేటు బయట కుర్చీ వేసుకుని, లోపలికి కాలు పెట్టకుండా కావలి కాస్తున్నాడు. అదీ ఒక కావలే.

పొద్దుగూకాక కూడా ఆ ఇంట్లో ఉండేది ఒక్క జెర్లిన్. పగిలిన పెంకులు ఏరి, జత చూసి, కుండలు అతికించడం ఆమె పని. ధైర్యస్తురాలు అనుకునేరు... అదేం కాదు. భయపడటానికైనా మనిషి లోపల ఏదో ఒకటి మిగలాలి కదా.

ఎండాకాలంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నెల నిండకుండానే దవాఖానలో పోయింది. పచ్చి బాలింత సమాధుల దగ్గరికి రాకూడదన్నారు. భర్త ప్రవీణ్ కుమార్, అత్త సుగుణమణి, నలుగురు చుట్టాలు వెళ్ళి నారాయణగూడలో పూడ్చి వచ్చారు. చాపెల్ రోడ్డులోని ఇంట్లో జెర్లిన్ గోడకేసి తిరిగి పడుకుంది. ఆ రోజూ ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. "ఏడ్వు బిడ్డా, గిట్ల లోపల పెట్టుకుంటే పిచ్చి లేస్తది" అని చర్చి ఆడవాళ్ళు చెప్పి చెప్పి అలిసిపోయారు. తింటుంది, పనికొస్తుంది, పడుకుంటుంది. ఈ పిల్ల ఇక మనకు దక్కదేమోనని ఇంట్లో అందరికీ బెంగ.

ఒక్కటి మాత్రం ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. పాప బట్టలతో పాటే ఇంట్లోని ఉగ్గుగిన్నె కూడా కనిపించకుండా పోయింది. ప్రవీణ్ తాగి పెరిగిన, పక్కకు ముక్కున్న గిన్నె అది. రొమ్ము పట్టే బలం లేని పాపకు ఆ కాసిన్ని రోజులూ దాంతోనే పాలు పోశారు. అత్త ఎవరికో ఇచ్చేసి ఉంటుందనుకుంది జెర్లిన్. పాప పేరే ఎత్తని ఇంట్లో గిన్నె సంగతి ఎలా అడుగుతుంది? నా బిడ్డను ఇంత తొందరగా తుడిచేసుకున్నారే అనుకుంది... ఆ కోపం కూడా ఎవరిదో అన్నట్టుంది.

ఆ సాయంత్రం వాన. మిగతావాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు.

"మేడం... ఇగ రాన్రి," గేటు దగ్గర్నించి రామచందర్ పిలిచాడు. "గాలి లేస్తుంది."

"ఈ ఒక్క కుండ అయినంక."

కరెంటు పోయింది.

జెర్లిన్ ఫోను కోసం తడుముకుంటోంది. అప్పుడు — ముందు గదిలోంచి...

సన్నగా. ఊపిరి కూడదీసుకుంటున్నట్టు. ఆగింది... మళ్ళీ. ఈసారి గుక్కపట్టి.

"విన్నరా? బయటికి రాన్రి మేడం... జర నా మాట వినున్రి!"

జెర్లిన్ లేచింది. బయటికి కాదు, ఆ గదిలోకి. పిల్ల ఏడిస్తే తల్లి కాళ్ళు ఎవర్నీ అడగవు. మనసులో మాత్రం భయం లేదు, ఆశా లేదు. ఉత్త కాళ్ళే నడిచాయి.

ఏడుపు పైనుంచి వస్తోంది. ఫోను టార్చి ఎత్తింది. పగిలిన వెంటిలేటర్ పక్క అరలో మట్టి ప్రమిదలు వరసగా ఉన్నాయి. వాటి చివర పిడికిలంత ముంత... పక్కకు సన్నటి గొట్టంలాంటి ముక్కు. స్టూలెక్కి చెయ్యి చాపింది. ఆ ముక్కు మీద వేలు పడిందో లేదో —

ఏడుపు ఆగింది.

వేలు తీసింది. ఏడ్చింది. మళ్ళీ పెట్టింది... పాలు అందిన పిల్లలా ఊరుకుంది.

గాలి! వెంటిలేటర్‌లోంచి కొట్టే గాలి ఆ ముక్కులో దూరి చేసే చప్పుడు. ఇద్దరు మగాళ్ళను పరిగెత్తించిన దెయ్యం ఇదన్నమాట. ఇంకొకరైతే పడీ పడీ నవ్వేవారు. జెర్లిన్‌కి నవ్వూ రాలేదు.

ముంతను కిందికి దించి వెలుగులో తిప్పింది. ప్రమిద అయితే ముక్కు దగ్గర మసి పట్టి ఉండాలి. మసి లేదు. ముక్కు అంచు మాత్రం నున్నగా అరిగిపోయి ఉంది. పగలని ముంత కాబట్టి ఇన్నాళ్ళూ ఆమె చేతికి రాలేదు. తవ్వించిన మహీధర్ సారు దీపమన్నాడు, దీపాల్లో పెట్టించాడు. బ్రహ్మచారి పాపం... ఉగ్గుగిన్నె ఎక్కడ చూసుంటాడు.

ఔను, ఉగ్గుగిన్నే.

ఇది దొరికిన చోటు ఆయన చెప్పగా విన్నదే. ఇంటి నేల కింద, పొయ్యి పక్కన, ఒక కుండలో చంటిపిల్ల ఎముకలు. ఊరి బయట కాదు, ఇంట్లోనే, వెచ్చగా ఉండేచోట పూడ్చుకున్నారు. ఆ కుండను ఆనుకుని ఈ ముంత. ఇక్కడికి తెచ్చాక ఎముకలున్న కుండ వెనక గదికి, మట్టిపాత్రలు ముందు గదికి పంపారు. దాచే పద్ధతి అదే. ఆ పద్ధతిలో పిల్ల ఒక గదిలో, పాలు ఒక గదిలో మిగిలాయి.

జెర్లిన్ ముంతను రెండు చేతుల్లో పట్టుకుని వెనక గదికి వెళ్ళింది. కుండ పక్కన, ఆనించి పెట్టింది.

"జెర్లిన్..."

వెనకనుంచి. గుసగుసగా.

గిర్రున తిరిగింది. గుమ్మంలో తెల్లచీర... నీళ్ళు కారుతూ —

సుగుణమణి.

"ఫోన్ ఎత్తవేంది? పానం ఆగక వచ్చిన." గొడుగు ముడుస్తూ లోపలికి చూసింది. "గదేంది బిడ్డా?"

"ఉగ్గుగిన్నె, అత్తమ్మా. పిల్లను పూడ్చినప్పుడు పక్కకు పెట్టిన్రు. నాలుగు వేల ఏండ్ల కింద."

సుగుణమణి దగ్గరికొచ్చి ముంత ముందు కూచుంది.

"నేను గూడ పెట్టిన."

జెర్లిన్ టార్చి ఆమె వైపు తిప్పింది.

"మన గిన్నె... పెట్టె మూసేముంగట తువ్వాలల చుట్టి, దాని చెయ్యి పక్కకు పెట్టిన. సచ్చినోళ్ళకు తిండి పెట్టుడు మన దాంట్ల లేదు గద. పాస్టరుగారికి తెలిస్తే ఊకుంటడా? అందుకే ఎవ్వరికీ చెప్పలె... నీకు గూడ." ముసలామె ముంత ముక్కును వేలితో తడిమింది. "అది వేరే దాంతోని తాగదు గద, బిడ్డా..."

గేటు బయట రామచందర్ లేచి నిలబడ్డాడు. లోపల ఏడుపు మొదలైంది. సన్నగా కాదు, గుక్కపట్టి కాదు... గోడలు పగిలేలా, ఎన్నాళ్ళదో ఒక్కసారి తెగినట్టు. ఎదురింటి వాళ్ళు తలుపులు బిడాయించుకున్నారు. అతను మాత్రం మొదటిసారి లోపలికి వెళ్ళాడు. వెనక గది నేల మీద అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని కూచున్నారు. వచ్చినంత మెల్లగా వెనక్కి వచ్చి, గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని, ఎవరినీ రానివ్వలేదు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఏడుపు లేదు. ఆటోలు మాత్రం ఇప్పటికీ మలుపు దాటాకే ఆగుతాయి.

ఆ వాన రాత్రి ఏడ్చింది దెయ్యమేనా అని సందులోవాళ్ళు రామచందర్‌ని ఇప్పటికీ అడుగుతుంటారు. అతను విడమరిచి చెప్పడు.

"ఔ... ఏడ్సింది," అంటాడు. "ఆ దినం మంచిగ ఏడ్సింది."